ఒకే దూది, ఒకే దగ్గు

బస్సు వేంపల్లె దాటినప్పటి నుంచి మాబీ చూపు ఒడిలో ఉన్న బిడ్డ పెదవుల మీదే ఉంది. కిటికీ బయట ఏం పోతోందో ఆమెకు పట్టలేదు. శనగచేలో, రాళ్లగుట్టలో, ఏవైతేనేం. ఆమెకు కావలసిందల్లా ఆ పెదవుల మధ్య సందు, అందులోంచి వచ్చి పోయే గాలి. వచ్చింది. పోయింది. ఇంకా రాలేదు. ఇంకా రాలేదు. హమ్మయ్య, వచ్చింది. నడుమ ఇంతసేపా? ఎవరికైనా ఊపిరి ఇంతసేపు ఆగుతుందా? బిడ్డతోపాటు తనూ బిగబట్టి చూసుకుంది, బిడ్డ మళ్లీ పీల్చేదాకా ఉందామని, కానీ ముందు తనకే ఆడలేదు. పీరమ్మా, ఒసే పీరమ్మా. పీర్ల పండగ నెలలో పుట్టిందని ఆ పేరు. ఇంకా ఏడాది నిండలేదు. పొద్దుటిదాకా దగ్గి దగ్గి ఇల్లు ఎగరగొట్టిన గొంతు, ఇప్పుడు చూడు, పిలిస్తే రెప్ప కదలదు. రెప్ప ఎత్తి చూస్తే కంటిపాప ఆవగింజంతే ఉంది. చెంప తట్టింది. అరికాలు గిచ్చింది. బిడ్డ ఏడవబోతున్నట్టే మూతి వంకర పెట్టి, అంతలోనే ఎందుకు ఏడవాలో మరిచిపోయినట్టు వదిలేసింది. ఆ మరిచిపోవడం చూసి మాబీ రెండో అరికాలు కూడా గిచ్చింది, ఇంకా గట్టిగా. పక్కన అత్త బషీరాబీ, కొంగు కింద చేతులు దాచుకుని, నోట్లోనే ఏదో దువా గొణుక్కుంటూ ఎదుటి సీటు వీపును చూస్తూ కూర్చుంది.

"నిద్రేలే" అంది అత్త, ఎవరూ అడక్కుండానే. "రాత్రంతా దగ్గింది గదా, అలిసిపోయి పండుకునింది. అంతే."

అంతేనా? అంతే అయితే కడప పెద్దాసుపత్రికి పోదామని మాబీ అనగానే చెప్పులు కూడా వేసుకోకుండా ముందు బయల్దేరిందెవరు? మామూలుగా అయితే ఆసుపత్రి మాట వింటేనే ముక్కు చిట్లించే మనిషి. ఈ రోజు కిక్కురుమనలేదు. అది అప్పుడే అనుమానించాల్సింది. కానీ ఒకరిని అనుమానించే తీరిక తనకెక్కడిది? గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకునే రకంగా ఉంది తన పని. తడుముకోవడం భుజాన్ని కాదు, కాళ్ల దగ్గర మూటని. ఆ మూటలో, బిడ్డ గుడ్డల మధ్య, సీసా ఉంది. ఎందుకు తెచ్చిందో తనకే తెలియదు. ఇంట్లో ఉంటే ఎవరి కంటైనా పడుతుందని తెచ్చిందా, దారిలో పారేద్దామని తెచ్చిందా? కిటికీ పక్కనే ఉంది. చెయ్యి బయట పెట్టి వదిలేస్తే చాలు, ఏ ముళ్లకంపలోనో పడి పగిలిపోతుంది, మాబీ ఏం పోసిందో భూమ్మీద ఎవరికీ తెలియదు. ఊపిరి వచ్చింది. పోయింది. సీసా మాట తర్వాత.

దగ్గు కొత్తదేం కాదు. దూదేకులవాళ్ల ఇంట్లో దగ్గు లేకపోతేనే వింత. మొగుడు హుసేన్ వలి వసారాలో విల్లు వేలాడదీసి, దాని నారిని దూదిలో ముంచి కొయ్యతో కొడుతుంటే టంగ్ టంగ్ మని ఇల్లంతా మోగేది. దూది పొగలా లేచి దూలాల మీద, ఉట్టి మీద, సంగటి ముద్ద మీద, కంటిరెప్పల మీద వాలేది. కాపురానికి వచ్చిన కొత్తలో అద్దం చూసుకుంటే తనకే నవ్వొచ్చేది, ఒక్క పూటలో ముసలిదైపోయినట్టు తెల్లటి కనుబొమలు. పీరమ్మ ఆ మోతలోనే పుట్టింది, ఆ మోతలోనే పెరుగుతోంది. విల్లు మోగినంతసేపూ ఉయ్యాలలో గమ్మున పడుకునేది, మోత ఆగిందంటే చాలు ఠక్కున కళ్లు తెరిచేది. అన్నానికి లేవాలన్నా హుసేన్ వలికి బిడ్డ భయమే. "దీన్ని పండబెట్టాలంటే నేను సచ్చేదాకా కొడతానే ఉండాల" అని నవ్వేవాడు. నవ్వితే దగ్గొచ్చేది. తండ్రి దగ్గితే ఉయ్యాలలోంచి బిడ్డా దగ్గేది, అంత చిన్న గొంతులో అంత పెద్ద దగ్గు, తండ్రికి జవాబిస్తున్నట్టు. మొదట్లో అందరికీ ముద్దుగానే ఉండేది. మొన్న జలుబు తగిలాక ముద్దు పోయింది. ముక్కులు మూసుకుపోయి, పాలు పడితే దగ్గి కక్కి, భుజాన వేసుకుని తిరిగితే భుజం మీద దగ్గి. హుసేన్ వలి విల్లు భుజాన వేసుకుని పరుపులు కుట్టడానికి తుమ్మలపల్లె వైపు పోయాడు. పోతూ పోతూ, బిడ్డ జాగ్రత్త అన్నాడు. అందరూ చెప్పేవాళ్లే.

గూట్లో సీసా ఉండేది. ప్రొద్దుటూరు పోయినప్పుడు అతను తన దగ్గు కోసం ఏదో అంగట్లో తెచ్చుకున్నది. ఎర్రటి మందు, పాకంలా జారేది, మీద ఇంగ్లీషు కాగితం. ఆ కాగితం చదివేవాళ్లు ఇంట్లో లేరు. దగ్గు అని చెబితే అంగడతను ఇచ్చాడు, ఎవరికని అడగలేదు, అడిగితే మాత్రం హుసేన్ వలి నాకేనని చెప్పి ఉండేవాడు, అది అబద్ధమూ కాదు. దగ్గు ముదిరిన పూట ఒక గుక్క తాగేవాడు, తాగితే తెల్లారేదాకా మొద్దు నిద్ర. మాబీ ఆ సీసాను చూసింది, చూసింది, చూడకూడదనుకుంటూనే చూసింది. ఒకే ఇల్లు, ఒకే దూది, ఒకే దగ్గు. తండ్రికి కుదిర్చింది బిడ్డకు కుదర్చదా? పెద్దవాడికి గుక్కెడు అయితే బిడ్డకు ఉగ్గు గిన్నెడు. ఆముదం పట్టేదీ ఆ గిన్నెతోనే, వసకొమ్ము అరగదీసి పట్టేదీ ఆ గిన్నెతోనే. పుట్టింట్లో తననూ తన తమ్ముళ్లనూ సాకిన గిన్నె, మూతి దగ్గర చిన్న సొట్ట. బిడ్డ నోట్లో ఏది పోసినా దానికి కొలత ఆ గిన్నేనని పుట్టినప్పటి నుంచి చూస్తున్న మనిషికి వేరే కొలత ఎలా తోస్తుంది? అత్తకు చెప్పలేదు. చెబితే పొయ్యనిచ్చేదా? సీసా మందు వేడి, పసిపేగులు కాలిపోతాయి అని నెత్తీ నోరూ కొట్టుకునేది. అందుకే అత్త నీళ్లకు పోయిన సందు చూసి పోసింది. గిన్నె నిండా పోసింది. కొంచెం చెంపల మీదికి కారితే అయ్యో పోయిందే అని మళ్లీ పోసింది. పిల్ల చప్పరించింది కూడా, తియ్యగా ఉంది కదా. ఇంత తియ్యటిది ఏం చేస్తుందిలే అనుకుంది. అడుగున మిగిలిన చుక్కను వేలితో తీసి తనూ నాకింది. ముందు తీపి, వెనకాలే ఒక చేదు. ఆ చేదు ఎక్కడో తెలిసిందే, ఎక్కడిదో గుర్తుకు రాలేదు. ఆ తర్వాత దగ్గు ఆగింది. ఎంత సంబరపడింది తను! ఇల్లు ఊడ్చుకుంది, గుడ్డలు ఉతికింది, జొన్నరొట్టె కాల్చింది. రొట్టె బాగా పొంగితే నవ్వుకుంది. బిడ్డ అక్కడ మునిగిపోతుంటే తను ఇక్కడ రొట్టె పొంగిందని నవ్వుకుంది. తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

ముందు సీట్లోంచి రామలక్ష్మమ్మ వెనక్కి తిరిగింది. వేంపల్లెలో పెద్ద రైతుల ఇంటి ఆవిడ. ఆమె కూతురి పెళ్లికి పరుపులన్నీ కుట్టింది హుసేన్ వలే.

"ఏమే బషీరా, బిడ్డకేమాయ?"

"దగ్గమ్మా" అంది అత్త.

"దగ్గుకా కడపకు పోతాండారు! ఆవగింజంత నల్లమందు సాన మీద రాసి అంగిట్లో పెడితే పోయేదానికి? మా ఇంట్లో అందరూ దాంతోనే పెరిగిరి. నీకు తెల్దా ఏంది?"

నీకు తెల్దా అని బషీరాబీని అడగడం చేపకు ఈత తెలుసా అని అడగడమే. నల్లమందు మాటెత్తితే చాలు, తన నలుగురు పిల్లలనూ ఎలా సాకిందో, పత్తి ఏరడానికి పోతూ పొద్దున ఒక్క రవ్వ పెడితే పొద్దు వాలేదాకా చెట్టు కింద ఎలా పడుకునేవాళ్లో, కాలు మీద కాలు వేసుకుని చెప్పేది. ఇప్పుడు మాట్లాడలేదు. కొంగు కింద చేతులు ఇంకా లోపలికి పోయాయి. మాబీ చూసింది. చూసీ చూడనట్టు చూసింది. బిడ్డకు ఇంకా పాకడం కూడా రాకముందు, ఒకసారి ఇలాగే అత్త నల్లమందు పెడితే రోజంతా పాలు తాగకుండా మత్తుగా పడుంది. ఆ రోజు తను అత్తకు ఎదురు తిరిగింది. కాపురానికి వచ్చాక మొదటిసారి. హుసేన్ వలి కూడా తన వైపే మాట్లాడాడు. సరే, ఇంక ముట్టను, బిడ్డ మీద ఆన అని అత్త ఒట్టు పెట్టుకుంది. ఒట్టు తీసి గట్టున పెట్టిందా? ఎప్పుడు? తను వాగు దగ్గరికి గుడ్డలు తీసుకుపోయినప్పుడా? అత్త నీళ్లకు పోయిన సందులో తను, తను గుడ్డలకు పోయిన సందులో అత్త. నోరు ఒక్కసారిగా ఎండిపోయింది. నాలుక కదిలిస్తే ఆ చేదు మళ్లీ తగిలింది, పొద్దుటి చుక్క వెనకాల ఉన్న చేదు, ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. చిన్నప్పుడు పత్తి చేనికి పోతూ అమ్మ బొటనవేలు తన అంగిట్లో పెట్టి తిప్పేది, ఆ వేలి మీది నల్లమందు చేదు. అదే. సీసాలో ఉన్నదీ అదే. కాగితం చదవలేకపోతే పోయింది, నాలుక చెప్పింది కదా, ఎందుకు వినలేదు? తను పోసిందొకటి, అత్త పెట్టిందొకటి అనుకుంటే, రెండూ ఒకటే అయ్యాయి. ఇద్దరు శత్రువులు కాదు పీరమ్మకు, ఇద్దరు ప్రాణమిచ్చేవాళ్లు, ఒకరికి తెలియకుండా ఒకరు. ఊపిరి వచ్చిందా? వచ్చింది. సన్నగా, గుర్రుమంటూ.

ఏటి ఇసుకలో బస్సు కూరుకుపోయింది. ఎండాకాలం ఏరు, చుక్క నీళ్లు లేవు గానీ ఇసుకకు కొదవ లేదు. చక్రాలు తిరిగి తిరిగి, పొగ కక్కి, ఇంజను ఆగిపోయింది. ఆగిన ఆ క్షణంలో మాబీ బిడ్డ ముఖం మీదికి వంగింది, భయంతో కాదు, ఆశతో. మోత ఆగింది కదా. మోత ఆగితే పీరమ్మ కళ్లు తెరుస్తుంది. ఎప్పుడూ తెరుస్తుంది. విల్లు ఆగితే తెరుస్తావు గదా, అలాగే తెరువు తల్లీ, మీ నాయన విల్లు ఆపినాడే, చూడు, అన్నానికి లేచినాడే. బస్సులో జనం గోల చేస్తున్నారు, మీరంతా నోరు మూసుకుంటే నా బిడ్డ లేస్తుందని అరవాలనిపించింది. బిడ్డ తెరవలేదు. పొద్దు వాలిన ఎండ ఆ చిన్న ముఖం మీద పడుతున్నా రెప్ప అదరలేదు. అప్పుడు ఏడుపొచ్చింది మాబీకి. ఇంతసేపూ రానిది, కట్ట తెగినట్టు వచ్చింది.

"దిగండప్పా, దిగండ! మగోళ్లు తొయ్యండ, ఆడోళ్లు ఆ గట్టుదాకా నడవండ" అని కండక్టరు దాసన్న కేకలు పెట్టాడు. మాబీ ఏడుపు చూసి దగ్గరికొచ్చాడు. "భయపడాకు తల్లీ, ఇప్పుడే ఎత్తుతారు బండిని. పొద్దుండంగానే కడపలో దింపుతా."

ఇసుకలో నడుస్తుంటే కాళ్లు దిగబడుతున్నాయి. ఎంత తొందరపడితే అంత దిగబడుతున్నాయి. బిడ్డ తల భుజం మీద నిలవకుండా వాలిపోతోంది, పట్టుకోవాలి, మూట జారిపోతోంది, పట్టుకోవాలి, అత్త ఏది? వెనక్కి తిరిగింది. అందరూ గట్టు వైపు పోతుంటే బషీరాబీ ఒక్కతే నడి ఏట్లో మోకాళ్ల మీద కూర్చుని ఉంది. నమాజు వేళ అని కూర్చుందేమో అనుకుంది మాబీ. కాదు. చేతులు ఇసుక తోడుతున్నాయి. గబగబా, కుక్క తోడినట్టు తోడి, నడుం దగ్గర సంచిలోంచి ఏదో తీసి గుంటలో పెట్టింది. మాబీకి తెలుసు, అత్త నల్లమందు దాచుకునే ఆ ఇత్తడి డబ్బీ. ఆ వేలు కూడా కనిపించింది, బొటనవేలు, గోటి కింద నల్లటి మరక. తిట్టాలి. ఈ ఏడాదంతా లోపల దాచుకున్నదంతా ఇక్కడ, ఈ ఇసుకలో కక్కెయ్యాలి. ఒట్టు పెట్టుకున్న నోరు పడిపోను అనాలి. అని, ఆ తర్వాత? సీసా ముళ్లకంపలో పడుతుంది, డబ్బీ ఇసుకలో పూడుతుంది, ఇద్దరూ చేతులు దులుపుకుని ఆసుపత్రి మెట్లెక్కుతారు. ఏం పెట్టారమ్మా అని అడిగితే ఏం పెట్టలేదు అంటారు. వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా నిజం దాచకూడదని ఊరంతా చెప్పుకునేదే. దాస్తే పొయ్యేది అత్తా కాదు, కోడలూ కాదు. మాబీ వెనక్కి నడిచింది. అత్త ముందు కూలబడి, మూట విప్పి, సీసా తీసి ఇసుక మీద పెట్టింది.

"ఇది నేను పోసినా అత్తా. పొద్దున. ఉగ్గు గిన్నెకు నిండా. నువ్వు నీళ్లకు పోయినప్పుడు."

బషీరాబీ సీసాను చూసింది, కోడలిని చూసింది, బిడ్డను చూసింది. గుంటలో ఉన్న చెయ్యి బయటికి రాలేదు.

"నీకు కండ్లు గుంటలు పడినాయని..." అంది. "బిడ్డ పండుకుంటే నువ్వు కొంచేపన్నా ఒరుగుతావని పెట్టినానే. దగ్గకుండా మెత్తగా పండుకునే ఉండాది అప్పటికే. మళ్లీ లేచి దగ్గుతాదేమోనని పెట్టినా. నువ్వు పోసినావని నాకేం తెలుసు తల్లీ? రొండు సుట్లే తిప్పినా సాన మీద. రొండే."

నా కోసమా. మాబీకి ఆ మాట ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కోపం రావాలి, రావడం లేదు. ఏడుపు అయిపోయింది. ముసలి ముఖం మీద ఇసుక అంటుకుని ఉంది, కన్నీళ్లు దాంట్లోంచి దారి చేసుకుంటున్నాయి. ఈమెకు ఎవరైనా చెప్పారా ఎప్పుడైనా, ఇది మంచిది కాదని చెప్పి ఎందుకు కాదో చెప్పారా? తనకు ఎవరైనా చెప్పారా, తండ్రి మందు బిడ్డది కాదని? ఇద్దరం ఒకే గుంటలో పడ్డాం.

"డబ్బీ తియ్యి అత్తా" అంది. "పూడ్చొద్దు. డాక్టరమ్మ చూడాల."

బస్సు ఇసుకలోంచి లేచింది. మళ్లీ మోత, మళ్లీ దుమ్ము. ఈసారి అత్త చేతులు కొంగు కింద లేవు. ఒక చేత్తో డబ్బీ, సీసా కలిపి పట్టుకుని, రెండో చేత్తో బిడ్డ అరికాళ్లు రుద్దుతూ, "లేయే పీరీ, లేయే నా బంగారూ, తిట్టు నన్ను, కొట్టు" అంటూనే ఉంది. నిద్రపుచ్చడంలో ఊళ్లోనే పేరున్న మనిషి, నిద్ర లేపడానికి చేతకాక నానా తంటాలు పడుతోంది. రామలక్ష్మమ్మ మరచెంబులోంచి నీళ్లు వంచి ఇచ్చింది. మాబీ తడి గుడ్డతో బిడ్డ ముఖం తుడిచింది. నందిమండలం వచ్చింది, పోయింది. పెండ్లిమర్రి. ఇంకెంత దూరం? ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక చెట్టు పోతోంది, ఒక రాయి పోతోంది, ఒక మనిషీ అతని గొర్రెలూ పోతున్నాయి. దగ్గు నాయనా. ఒక్కసారి దగ్గు. మొన్నటి నుంచి వద్దు వద్దనుకున్నాను, చెవులు మూసుకున్నాను, ఈ దగ్గు ఎప్పుడు చస్తుందో అని నోరారా అన్నాను. వెనక్కి తీసుకున్నాను ఆ మాట. ఎంతైనా దగ్గు. రాత్రంతా దగ్గు. నేను నిద్రపోను.

ఆసుపత్రి డాక్టరమ్మ బిడ్డ రెప్పలెత్తి చూసి, "ఏం పోశారు?" అని అడగడం, అత్తాకోడళ్లిద్దరూ ఒక్కసారే "నేనే" అనడం ఒకటే అయింది. సీసా, డబ్బీ బల్ల మీదికి వచ్చాయి. ఎంత అంటే ఒకరు ఉగ్గు గిన్నె అన్నారు, ఒకరు రెండు చుట్లు అన్నారు. డాక్టరమ్మ సీసా మీద కాగితం చదివింది. ఆ ముఖంలో కోపం వచ్చి, వీళ్లిద్దరి ముఖాలు చూసి, మళ్లీ లోపలికే పోయింది. "సీసాలో ఉన్నదీ డబ్బీలో ఉన్నదీ ఒకటే జాతి. ఇది పెద్దవాళ్లదని దీని మీదే రాసి ఉంది. చదవడం రాకపోతే అడగాలి, అడిగేటప్పుడు బిడ్డ వయసు చెప్పాలి" అంది. బిడ్డకు సూది వేసింది. "తెచ్చి మంచి పని చేశారు. ఇవి చూడకపోతే ఏం పోశారో, ఎంత పోశారో నాకు తెలిసేది కాదు. నిద్రపోనివ్వకండి. ఇంత పసిబిడ్డకు దగ్గు మందే పనికిరాదు. ముక్కు శుభ్రంగా పెట్టండి, పాలు పట్టండి, దూది దుమ్ముకు దూరంగా ఉంచండి. లోపల పట్టిన కఫం బయటికి రావాలంటే దగ్గాలి కదమ్మా."

ఆసుపత్రి వరండాలో ఇద్దరూ వంతులు వేసుకుని బిడ్డను ఎత్తుకు తిరిగారు. ఈ చివరి నుంచి ఆ చివరికి మాబీ, ఆ చివరి నుంచి ఈ చివరికి బషీరాబీ. డాక్టరమ్మ వచ్చి చూసి పోయింది, మళ్లీ వచ్చి చూసింది. ఎండ నేల మీది నుంచి స్తంభాల మీదికి పాకింది. హుసేన్ వలికి ఏం చెప్పాలి? ఉన్నది చెప్పాలి. విల్లు ఇంట్లో కొట్టొద్దని కూడా చెప్పాలి, పశువుల కొట్టంలో కొట్టుకోమని. మోత లేకపోతే బిడ్డ నిద్రపోతుందా? పోకపోతే పోనీ. ఆ ఆలోచనలో ఉండగానే అత్త భుజం మీద ఏదో కదిలింది. పీరమ్మ మూతి వంకర పెట్టింది. ఈసారి మరిచిపోలేదు. మెడ బిగించి, ముఖం ఎర్రబడి, గొంతులో గుర్రుమన్నదంతా కూడదీసుకుని దగ్గింది. చిన్న గొంతు, పెద్ద దగ్గు, తండ్రి దగ్గే అచ్చం. దగ్గి, మళ్లీ దగ్గి, కక్కి, ఆ తర్వాత గుక్కపెట్టి ఏడ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది, బషీరాబీ చెయ్యి జోకొట్టడానికి బిడ్డ వీపు మీదికి లేచింది. లేచి, గాల్లోనే ఆగిపోయింది.

వరండా గోడకు ఆనుకుని కూర్చున్న ఎవరో ముసలమ్మ జాలిపడింది. "అయ్యో, పసిబిడ్డకు అంత దగ్గా! ఏమన్నా పొయ్యండమ్మా, నా దగ్గర మందుండాది" అని సంచిలో చెయ్యి పెట్టింది.

"వద్దు తల్లీ" అంది బషీరాబీ, బిడ్డను గుండెకు హత్తుకుని. "దగ్గనీ."